విండోస్ 7 నుంచి మారుతున్నాను: బ్రౌజర్‌లో ఉన్న పనులన్నీ కొత్త సిస్టమ్‌లో నడుస్తాయా?

ప్రశ్న

సభ్యులందరికీ నమస్కారం. నేను ఒక చిన్న పట్టణంలో వ్యాపారుల లెక్కలు రాసి, పన్ను రిటర్నులు దాఖలు చేసే కార్యాలయం నడుపుతున్నాను. 2014లో కొన్న కంప్యూటర్‌లో నాలుగో తరం ఐ3 ప్రాసెసర్, 8 జీబీ ర్యామ్ ఉన్నాయి. ఇన్నాళ్లూ విండోస్ 7తోనే పని గడిచింది. అందులో క్రోమ్ 109 దగ్గర ఆగిపోయింది, ఎన్నిసార్లు ప్రయత్నించినా అప్‌డేట్ కావడం లేదు. గత నెల నుంచి మా బ్యాంకు సైటు కూడా బ్రౌజర్ పాతదంటూ లాగిన్ దగ్గరే ఆపేస్తోంది. కాబట్టి విండోస్ మార్చక తప్పదని నిర్ణయించుకున్నాను.

అయితే మూడు విషయాలు నన్ను వెనక్కి లాగుతున్నాయి. ఒక డీలరు ఆర్డర్లు పెట్టే పేజీ యాక్టివ్ఎక్స్ అనే మైక్రోసాఫ్ట్ వారి పాత సాంకేతికత మీద ఆధారపడి ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్‌లో మాత్రమే తెరుచుకుంటుంది. రెండవది, పదేళ్లుగా దాచిన పాస్‌వర్డులన్నీ క్రోమ్‌లోనే ఉన్నాయి, వాటిలో సగం నాకు గుర్తు లేవు. మూడవది డబ్బుతో ముడిపడినది కాదు: మా నాన్నగారు 2003 ప్రాంతంలో తన వ్యాసాలను తెలుగులో టైపు చేసి వెబ్ పేజీలుగా దాచుకున్నారు, అవి ఈ కంప్యూటర్‌లో చక్కగా కనిపిస్తాయి గానీ, మా అబ్బాయి ల్యాప్‌టాప్‌లో తెరిస్తే అర్థంలేని ఇంగ్లీషు అక్షరాలూ గుర్తులూ వస్తున్నాయి. ఇదే కంప్యూటర్‌లో విండోస్ 10 వేయించనా, 11 వేయించనా? ఏ క్రమంలో చేస్తే ఏదీ పోకుండా ఉంటుంది?

మొదటి జవాబు

మీ క్రోమ్‌లో లోపమేమీ లేదు. విండోస్ 7, 8.1లకు గూగుల్ ఇచ్చిన చివరి వెర్షన్ 109. 2023 ఫిబ్రవరిలో వచ్చిన 110 నుంచి విండోస్ 10 గానీ, ఆ తరువాతిది గానీ ఉండాలి. మైక్రోసాఫ్ట్ బ్రౌజర్ ఎడ్జ్ కూడా ఆ విండోస్‌లలో 109తోనే ఆగింది. ఫైర్‌ఫాక్స్ మాత్రం 115 ఈఎస్ఆర్ (ఎక్కువ కాలం అప్‌డేట్లు ఇచ్చే వెర్షన్) రూపంలో మరికొంత కాలం తోడుగా నిలిచింది. మైక్రోసాఫ్ట్ విండోస్ 7కు డబ్బు తీసుకుని ఇచ్చిన భద్రతా అప్‌డేట్లు సైతం 2023 జనవరి 10తో ముగిశాయి. అడుగున ఉన్న సిస్టమ్‌కు మరమ్మతులు ఆగిపోయాక, పైన బ్రౌజర్‌ను ఎంత కొత్తగా ఉంచినా భద్రత ఉండదు కాబట్టే తయారీదారులు చేతులెత్తేస్తారు.

ఇక 10నా, 11నా అన్న ప్రశ్న. విండోస్ 11కు ఇంటెల్ ఎనిమిదో తరం లేదా తరువాతి ప్రాసెసర్, టీపీఎం 2.0 అనే భద్రతా చిప్ ఉండాలి, మీ నాలుగో తరం ఐ3 ఆ గీతకు చాలా ఇవతల ఉంది. తనిఖీని దాటవేసి ఎక్కించే ఉపాయాలు కొందరు చెబుతారు. ఇతరుల పాన్ వివరాలూ బ్యాంకు వివరాలూ చేతిలో ఉన్న కార్యాలయానికి ఆ దారి తగదని నా గట్టి అభిప్రాయం. విండోస్ 10 ఆ కంప్యూటర్‌లో నడుస్తుంది, నేటి క్రోమ్ కూడా ఎక్కుతుంది, కానీ దాని మామూలు సహాయం 2025 అక్టోబర్ 14తో ముగిసింది. నమోదు చేసుకున్న వ్యక్తిగత వినియోగదారులకు భద్రతా అప్‌డేట్లు 2026 అక్టోబర్ 13 వరకే. ఇంత శ్రమపడి, మళ్లీ ఇదే ప్రశ్నకు తిరిగి రావడమెందుకు? వీలైతే కార్యాలయ పనికి విండోస్ 11 ఉన్న కొత్త కంప్యూటర్ తీసుకుని, పాతదాన్ని నెట్ తీసేసి కొన్నాళ్లు అలాగే ఉంచండి.

డీలరు పేజీకి దారి ఉంది. విండోస్ 11లో ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ ప్రోగ్రాము లేదు గానీ, ఎడ్జ్‌లో ఐఈ (ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్) మోడ్ ఉంది. పాత ఇంజినే లోపల పనిచేస్తుంది కనుక యాక్టివ్ఎక్స్ కూడా నడుస్తుంది. ఎడ్జ్ సెట్టింగులలో డిఫాల్ట్ బ్రౌజర్ విభాగంలో దానికి అనుమతి ఇచ్చి, ఆ పేజీ చిరునామాను జాబితాలో చేర్చాలి. అలా చేర్చిన చిరునామా 30 రోజులకు దానంతట అదే తొలగిపోతుంది, అప్పుడు మళ్లీ చేర్చాలి. కనీసం 2029 వరకు ఈ సదుపాయాన్ని కొనసాగిస్తామని మైక్రోసాఫ్ట్ చెప్పింది. ఈలోగా పేజీ మార్పించమని ఆ డీలరును ఇప్పటి నుంచే అడగండి.

రెండవ జవాబు

పై జవాబుతో ఏకీభవిస్తూనే, పాస్‌వర్డుల గురించి ఒక హెచ్చరిక చేయాలి, ఎందుకంటే ఇక్కడే చాలామంది నష్టపోతారు. క్రోమ్ ఫోల్డరు మొత్తాన్ని పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేసుకుంటే సరిపోతుందనుకుని ఫార్మాట్ చేయిస్తారు. బుక్‌మార్కులు వస్తాయి, పాస్‌వర్డులు రావు. క్రోమ్ వాటిని ఆ విండోస్ వినియోగదారు ఖాతాకు ముడిపడిన తాళంతో భద్రపరుస్తుంది. ఫార్మాట్‌తో ఆ ఖాతా పోతే, అదే పేరుతో కొత్త ఖాతా తెరిచినా ఆ తాళం తిరిగి రాదు. అందువల్ల పాత కంప్యూటర్ నడుస్తుండగానే క్రోమ్ సెట్టింగులలో పాస్‌వర్డులను ఎగుమతి చేసి, కొత్త దానిలో దిగుమతి చేసుకుని, ముఖ్యమైన నాలుగైదు సైట్లలో లాగిన్ అయి చూసుకున్న తరువాతే పాతదాన్ని ముట్టుకోండి. ఎగుమతి అయిన ఫైలులో పాస్‌వర్డులు ఎవరైనా చదవగలిగేలా ఉంటాయి కాబట్టి, పని కాగానే దాన్ని పూర్తిగా తొలగించండి.

రిటర్నులకు డిజిటల్ సంతకం డాంగిల్ (యూఎస్‌బీ టోకెన్) వాడుతుంటే భయపడకండి. సంతకం తాళం డాంగిల్‌లోనే ఉంటుంది, కంప్యూటర్‌లో కాదు. కొత్త కంప్యూటర్‌లో దాని డ్రైవరును, సైటు అడిగే సంతకపు ప్రోగ్రామును వేసుకుంటే చాలు. డ్రైవరు సాఫ్ట్‌వేర్‌లో టోకెన్‌ను ఇనీషియలైజ్ (మళ్లీ ఖాళీగా సిద్ధం) చేయమనే బటన్ కనిపిస్తే దయచేసి నొక్కకండి, అది లోపలున్న సర్టిఫికెట్‌ను చెరిపేస్తుంది.

మరొక మాట. పాత కంప్యూటర్‌లో ప్రతి సైటూ సర్టిఫికెట్ తప్పంటూ మొరాయిస్తే, ముందు తేదీ చూడండి. మదర్‌బోర్డు మీది చిన్న బిళ్ల బ్యాటరీ అయిపోతే గడియారం ఏళ్ల వెనక్కి పోతుంది, దాంతో ఏ బ్రౌజరూ ఏ సైటునూ నమ్మదు.

మూడవ జవాబు

మీ నాన్నగారి వ్యాసాల గురించి రాస్తున్నాను. నాకు ఇదే అన్నిటికన్నా ముఖ్యమనిపించింది. ఆ కాలంలో యూనికోడ్, అంటే ప్రతి భాష అక్షరానికీ అన్ని కంప్యూటర్లలో ఒకే సంకేతం ఉండే పద్ధతి, తెలుగులో ఇంకా అంతగా వాడుకలోకి రాలేదు. ఇంగ్లీషు అక్షరాల స్థానాల్లో తెలుగు గుణింతాల ముక్కలను కూర్చిన ఫాంట్లతో టైపు చేసేవారు, పైగా ఒక్కో ఫాంటుది ఒక్కో అమరిక. ఆ ఫాంటు మీ కంప్యూటర్‌లో ఉంది, మీ అబ్బాయి ల్యాప్‌టాప్‌లో లేదు, తేడా అంతే. పేజీని నోట్‌ప్యాడ్‌లో తెరిస్తే ఫాంటు పేరు కనిపిస్తుంది. విండోస్ ఫాంట్ల ఫోల్డరులో ఆ పేరు గల ఫైలును వెతికి, వ్యాసాలతో పాటు రెండుచోట్ల భద్రపరచండి. కొత్త కంప్యూటర్‌లో దాన్ని వేస్తే చాలావరకు పేజీలు మళ్లీ చదవగలిగేలా కనిపిస్తాయి.

శాశ్వత పరిష్కారం యూనికోడ్‌లోకి మార్చడమే. ఒకప్పుడు పద్మ అనే ఫైర్‌ఫాక్స్ పొడిగింపు (ఎక్స్‌టెన్షన్) పాత తెలుగు సైట్లను చదువుతుండగానే యూనికోడ్‌లోకి మార్చేది. 2017 నవంబర్‌లో ఫైర్‌ఫాక్స్ 57తో పాత తరహా పొడిగింపులన్నీ ఆగిపోయాయి కనుక ఆనాటి పద్మ నేటి ఫైర్‌ఫాక్స్‌లో ఎక్కదు. మార్చాక వత్తులనూ సున్నాలనూ మూలంతో పోల్చి చూడండి, యంత్రం అక్కడే ఎక్కువగా తప్పుతుంది.

యూనికోడ్ పేజీలు కూడా కొత్త విండోస్‌లో కొంచెం వేరుగా కనిపిస్తే కలవరపడకండి. విండోస్ 7లో గౌతమి, వాణి ఫాంట్లు ముందే ఉండేవి. ఇప్పుడు నిర్మల యూఐ వస్తుంది, ఆ రెండూ కావాలంటే విండోస్ సెట్టింగులలోని ఐచ్ఛిక సదుపాయాలలో తెలుగు అదనపు ఫాంట్లను చేర్చుకోవాలి.

ప్రశ్న అడిగినవారు

అందరికీ కృతజ్ఞతలు. విండోస్ 11 ఉన్న కంప్యూటర్ కొన్నాను. పాస్‌వర్డులన్నీ వచ్చాయి, డాంగిల్‌తో ఒక రిటర్ను దాఖలు చేశాను. డీలరు పేజీ ఐఈ మోడ్‌లో మొదట తెల్లగా ఉండిపోయింది. యాక్టివ్ఎక్స్ భాగాన్ని కొత్తగా ఇన్‌స్టాల్ చేశాక పనిచేసింది. నాన్నగారి ఫాంటు దొరికింది. పద్దెనిమిది వ్యాసాలలో మూడింటిని ఇప్పటికి యూనికోడ్‌లోకి మార్చాను, ఆయనే పక్కన కూర్చుని వత్తులు సరిచూస్తున్నారు.