కొత్త కాలిపర్లు వేయించాక బ్రేక్ పెడల్ మెత్తబడింది: కారణం ఎక్కడ వెతకాలి?

పటమట వాసి:
నా పాత హ్యాచ్‌బ్యాక్‌కు ముందు చక్రాలకు పెద్ద డిస్కులు, నాలుగు పిస్టన్ల కాలిపర్లు (ప్యాడ్లతో డిస్కును నొక్కిపట్టే భాగాలు), స్టీలు అల్లిక ఉన్న గొట్టాలు వేయించాను. వెనుక డ్రమ్ములు, మాస్టర్ సిలిండరు (పెడల్ తొక్కితే బ్రేక్ ఆయిల్‌ను చక్రాలకు నెట్టేది) పాతవే. అప్పటినుంచి పెడల్ సగానికి పైగా దిగితే గానీ బ్రేకు పట్టడం లేదు. వెంటవెంటనే రెండు మూడుసార్లు తొక్కితే పైకి వచ్చి గట్టిపడుతోంది. అలాగే తొక్కి పట్టుకుంటే మాత్రం కిందికి జారడం లేదు. ఆయిల్ మట్టం తగ్గలేదు, గొట్టాల అతుకుల దగ్గర చెమ్మ కూడా లేదు. బిగించిన గ్యారేజీవారు బ్రేక్ ఆయిల్‌లో చిక్కిన గాలిని పలుమార్లు తీసి, ఇక మాస్టర్ సిలిండరు మార్చాల్సిందేనంటున్నారు. పిల్లలతో హైవే మీద తిరిగే బండి కాబట్టి, సంగతి తేలేవరకు రోడ్డెక్కించదలచుకోలేదు. ఇలాంటిది ఎదుర్కొన్నవారు దయచేసి చెప్పండి.

బ్రాడీపేట, గుంటూరు:
మాస్టర్ సిలిండరు మీద ఇప్పుడే డబ్బు పెట్టకండి. దాని లోపలి రబ్బరు వాషర్లు అరిగి ఆయిల్‌ను వెనక్కి వదిలేస్తుంటే, తొక్కి పట్టుకున్న పెడల్ మెల్లగా నేల వైపు దిగిపోవాలి. మీది నిలబడుతోంది. పైగా వరుసగా తొక్కితే పైకి వస్తోందంటే లోపల గాలి అయినా మిగిలి ఉండాలి, లేదా ఏదో ఒక చక్రం దగ్గర డిస్కును నొక్కే ప్యాడుకో డ్రమ్మును నొక్కే షూకో ఎడం ఎక్కువై, ఆయిల్ ఆ ఎడాన్ని నింపడానికే ఖర్చవుతూ ఉండాలి. మా తమ్ముడి బండికి ఇదే జరిగింది. ఎడమ కాలిపర్‌ను కుడికి, కుడిదాన్ని ఎడమకు బిగించడంతో గాలి తీసే నిపుల్ అడుగుకు వచ్చింది. గాలి పైభాగంలోనే చేరుతుంది కనుక, అడుగు నుంచి ఎంత ఆయిల్ తీసినా అది కదలదు. టార్చి వేసి చూడండి, నిపుల్ కాలిపర్ పైకొసన ఉందా లేదా.

ఆటోనగర్ మెకానిక్, విజయవాడ:
బ్రాడీపేట వారు చెప్పింది ముందు చూడవలసిన విషయమే. నేను ఇంకొంత కలుపుతాను. కొన్ని నాలుగు పిస్టన్ల కాలిపర్లకు లోపలి సగానికి ఒకటి, బయటి సగానికి ఒకటి నిపుళ్లు ఉంటాయి. కనిపించే బయటిదాని నుంచి మాత్రమే గాలి తీసి వదిలేస్తే లోపలి సగంలో గాలి మిగిలిపోతుంది.

గాలి అంతా పోయాక కూడా పెడల్ మునుపటికంటే కాస్త లోతుకు దిగవచ్చు, దానికి కారణం లెక్కలో ఉంది. ఉదాహరణకు పాత కాలిపర్‌లో 51 మిల్లీమీటర్ల పిస్టన్ ఒక్కటే ఉందనుకుందాం, దాని వైశాల్యం సుమారు 2,043 చదరపు మిల్లీమీటర్లు. కొత్తదానిలో ఒక వైపు 40 మిల్లీమీటర్ల పిస్టన్లు రెండుంటే మొత్తం 2,513 అవుతుంది, అంటే దాదాపు 23 శాతం ఎక్కువ ఆయిల్ అడుగుతుంది. నాలుగు పిస్టన్లనూ కలిపి పాత ఒక్కదానితో పోల్చకూడదు; పాత కాలిపర్ తానే జరుగుతూ రెండు ప్యాడ్లనూ నొక్కుతుంది కాబట్టి ఒక వైపు లెక్కే సరైన పోలిక. అదే మాస్టర్ సిలిండరు అంత ఆయిల్ పంపాలంటే పెడల్ ఎక్కువ దూరం ప్రయాణించక తప్పదు. ఇలా లోతుకు దిగినా, పట్టే చోట పెడల్ రాయిలా గట్టిగా ఉంటుంది. గాలి ఉన్న పెడల్ పట్టాక కూడా స్పాంజిలా ఇంకా దిగుతూనే ఉంటుంది. ఈ తేడాను ఇంజిన్ ఆపి, బూస్టరులోని (కాలి బలాన్ని పెంచే భాగంలోని) వాక్యూమ్ ఖాళీ అయ్యేవరకు తొక్కిన తర్వాత కాలితో చూడండి.

ఉదాహరణకు లోపలి వ్యాసం 20.64 మిల్లీమీటర్లున్న మాస్టర్ సిలిండరు తీసి 22.22 ఉన్నది వేస్తే పెడల్ దూరం తగ్గుతుంది, కానీ అదే ఒత్తిడి రావడానికి కాలు సుమారు 16 శాతం ఎక్కువ బలం పెట్టాలి. అందుకే అది ఆఖరి మార్గం. ఇంకొక జాగ్రత్త: పాత మాస్టర్ ఉన్న బండికి గాలి తీసేటప్పుడు పెడల్‌ను నేలదాకా తొక్కనీయకండి. ఏళ్ల తరబడి వాషర్లు వెళ్లని భాగంలో తుప్పు, మడ్డి పేరుకుని ఉంటాయి, వాటి మీద రుద్దుకుంటే బాగున్న వాషరు కూడా చిరుగుతుంది. పెడల్ కింద చిన్న చెక్కముక్క పెడితే చాలు.

భవానీపురం:
డాట్ 5.1 రకం బ్రేక్ ఆయిల్ పోస్తే పెడల్ గట్టిపడుతుందంటారు, నిజమేనా అండీ?

ఆటోనగర్ మెకానిక్, విజయవాడ:
కాదండి. కొత్త ఆయిల్ మరిగే ఉష్ణోగ్రతకు కనీస ప్రమాణం డాట్ 4కు 230, డాట్ 5.1కు 260 డిగ్రీల సెల్సియస్. ఘాట్ దిగుతూ బ్రేకులు బాగా వేడెక్కినప్పుడే ఆ తేడా పనికొస్తుంది. నిలిపి ఉన్న బండి పెడల్‌లో మార్పేమీ రాదు. డాట్ 5 మాత్రం పూర్తిగా వేరు, అది సిలికోన్‌తో చేసినది, మిగతావాటితో కలపకూడదు. ఏదైనా సరే సీలు తీసి చాలాకాలం ఉంచిన డబ్బాలోది వాడవద్దు. డాట్ 4 గాలిలోని తేమను పీల్చుకుంటుంది, కృష్ణ ఒడ్డున వానాకాలంలో ఆ తేమకు కొదవ లేదు.

పటమట వాసి:
నిపుళ్లు అడుగునే ఉన్నాయి. కాలిపర్లను అటూ ఇటూ మార్పించి, కొత్త డబ్బా తెరిపించి, లోపలి, బయటి నిపుళ్లు రెండింటి నుంచీ గాలి తీయించాను. స్పాంజి గుణం పూర్తిగా పోయింది. అయినా పెడల్ పాతదానికంటే ఇంకా కొంచెం లోతుగానే పడుతోంది, రెండోసారి తొక్కితే కాస్త పైకి వస్తోంది.

ఆటోనగర్ మెకానిక్, విజయవాడ:
రెండో తొక్కుకు పైకి వస్తోందంటే వెనుక డ్రమ్ములు చూపించండి. షూలు అరిగి, వాటిని దగ్గరికి తెచ్చే అడ్జస్టర్ తుప్పుపట్టి తిరగకపోతే ఆ ఎడం నింపడానికే మొదటి తొక్కు ఖర్చవుతుంది. హ్యాండ్ బ్రేక్ కేబుల్ బిగించి దాన్ని కప్పిపుచ్చకూడదు, ముందు షూలు సరిచేసి తర్వాతే కేబుల్ ముట్టుకోవాలి. ఆపైన మిగిలే కొద్దిపాటి లోతు పిస్టన్ల వైశాల్యం వల్ల వచ్చేది; గట్టిగా పడుతున్నంతవరకు దానికి భయపడనక్కరలేదు. కొత్త ప్యాడ్లు డిస్కుకు అంటుకుని కుదిరేవరకు, వాటి తయారీదారు చెప్పిన పద్ధతిలో ఖాళీ రోడ్డు మీదనే నడపండి, ఇంద్రకీలాద్రి ఘాట్ జోలికి అప్పుడే వెళ్లకండి. షూల పని అయ్యాక ఇంజిన్ నడుస్తుండగా పెడల్ తొక్కి పట్టుకుని, నేలకు ఎంత ఎత్తులో ఆగిందో స్కేలుతో కొలిచి రాసిపెట్టుకోండి. ఆ కొలత మళ్లీ తగ్గుతూ వస్తే బండి ఆపి నాకు చెప్పండి.