ఒరోమో గుర్తులతో ఇన్‌స్టా పోస్టర్లు: ఎరుపు అక్షరాలు మసకబారుతున్నాయి, ఇంకా కొన్ని సందేహాలు

గీతలబడి: ఉస్మానియాలో చదివే ఒరోమో (ఇథియోపియాలోని ఒక జాతి) విద్యార్థుల కోసం, వానలు వెళ్లే కాలంలో వాళ్లు జరుపుకునే ఇర్రేచా పండుగకు ఆరు పోస్టర్లు చేస్తున్నాం. తెలుగు, వాళ్ల భాష అఫాన్ ఒరోమో రెండూ ఉంటాయి. డ్రాఫ్టులో ఒడా చెట్టు, పైకెత్తిన చేతులు, నలుపు మీద ఎరుపు అక్షరాలు పెట్టాం. అప్‌లోడ్ చేశాక అక్షరాల అంచులు అలుక్కుపోతున్నాయి. ఫొటోషాప్‌లో తెలుగు ఒత్తులు విడిపోతున్నాయి. గుర్తుల్లో తప్పు దొర్లితే మాట పడేది ఆ విద్యార్థులే. ఏవి సరిచూసుకోవాలి?

మేడిచెట్టు: ముందు చెట్టు సంగతి. స్టాక్ సైట్లలో "ఆఫ్రికా చెట్టు" అని దొరికేది గొడుగులా పైన చదునుగా ఉండే తుమ్మజాతి చెట్టు. అది ఒడా కాదు. ఒడా మన మేడికి చుట్టం: పొట్టిగా లావుగా ఉండే మాను, పక్కలకు బాగా పరుచుకున్న కొమ్మలు, మాను మీదే గుత్తులుగా కాయలు. గడా (ఒరోమోల సంప్రదాయ పాలన పద్ధతి) సభలు దాని నీడనే జరుగుతాయి కాబట్టి కొమ్మల వెడల్పే బొమ్మకు ప్రాణం. చెట్టు ఎత్తుకంటే వెడల్పు ఎక్కువ ఉండేలా గీయండి.

చేతుల విషయంలో ఇంకా జాగ్రత్త. 2016 ఆగస్టు 21న రియో మారథాన్‌లో రెండో స్థానంలో వచ్చిన ఒరోమో పరుగువీరుడు ఫెయిసా లిలెసా గీత దాటుతూ చూపిన నిరసన సైగ అది. మణికట్లు తల పైన అడ్డంగా కలవాలి, కట్టేసిన చేతుల్లా. గుండె మీద పెడితే బ్లాక్ పాంథర్ సినిమా సైగ అయిపోతుంది. తెగిన సంకెళ్లు కలిపితే అర్థమే మారుతుంది.

నలుపు, ఎరుపు, తెలుపు గడా రంగులు, పైనుంచి కిందికి ఆ వరుసలోనే. ఓఎల్ఎఫ్ (ఒరోమో లిబరేషన్ ఫ్రంట్) జెండా వేరు, అది ఒక రాజకీయ సంస్థది. పండుగ పోస్టర్ మీద ఏది ఉండాలో ఆ విద్యార్థులే చెప్పాలి.

అంచుకు కెంటే, బొగోలన్ డిజైన్లు వేయకండి. మొదటిది ఘనాది, రెండోది మాలిది. పోచంపల్లి అని రాసి కింద బెనారస్ జరీ వేసినట్టుంటుంది. ఆడవాళ్ల హక్కుల మీద పోస్టర్ ఉంటే సీంకే గీయండి. పెళ్లినాడు తల్లి కూతురికిచ్చే కర్ర అది. దాన్ని పట్టుకుని ఆడవాళ్లు మధ్యలో నిలబడితే గొడవ ఆగాలి.

మూసీగట్టు: బతుకమ్మ పోలిక పెడితే మనవాళ్లకు వెంటనే ఎక్కుతుంది కదా? వానలు వెళ్లే కాలం, పూలు, చెరువు గట్టు అన్నీ ఉన్నాయి.

మేడిచెట్టు: క్యాప్షన్‌లో పెట్టండి, బొమ్మలో వద్దు. ఇర్రేచాలో పచ్చిగడ్డి, పసుపు పూలు చేతబట్టి నీళ్లలో ముంచి చల్లుకుంటూ వాకాకు, అంటే దేవుడికి, కృతజ్ఞత చెప్తారు. అక్కడ తంగేడు పేర్చిన బతుకమ్మ గీస్తే అది వాళ్ల పండుగ కాదు. పైగా 2016లో ఇథియోపియాలోని బిషోఫ్తు ఊళ్లో జరిగిన ఇర్రేచాలో పోలీసులు బాష్పవాయువు వదిలాక జరిగిన తొక్కిసలాటలో జనం చనిపోయారు. ఆ చెరువు గట్టు బొమ్మను ఉత్త సంబరంగా చూపడం నాకు సమ్మతం కాదు.

అక్షరాలపని: మసకకు కారణం జేపెగ్. అది వెలుతురు సమాచారాన్ని చాలావరకు ఉంచి, రంగు సమాచారాన్ని బాగా తగ్గిస్తుంది. నలుపు మీద ఎరుపు అక్షరానికి వెలుతురు తేడా తక్కువ, అంచు మొత్తం రంగు మీదే ఆధారపడుతుంది, అందుకే అలుక్కుపోతుంది. అక్షరాలు తెల్లగా ఉంచి, ఎరుపును పెద్ద పట్టీగా వాడండి. #C8102E అనే రంగు కోడ్ లాంటి ముదురు ఎరుపు మీద తెలుపుకి కాంట్రాస్ట్ 5.9 దాకా వస్తుంది. అదే ఎరుపును నలుపు మీద పెడితే 3.6 మాత్రమే. చిన్న అక్షరాలకు 4.5 ఉండాలి.

సైజు 1080×1350, అంచుల నుంచి 80 పిక్సెళ్లు వదలండి.

ఒత్తులకు: పాత వర్షన్ ఫొటోషాప్ అయితే ప్రిఫరెన్సెస్‌లో టైప్‌కి వెళ్లి వరల్డ్ రెడీ లేఅవుట్ ఎంచుకోండి, తర్వాత కొత్త డాక్యుమెంట్ తెరవండి. పాత టెక్స్ట్ లేయర్లకు పారాగ్రాఫ్ ప్యానెల్‌లో విడిగా మార్చాలి. తెలుగు 60 పిక్సెళ్లయితే లైన్ ఎత్తు 90 ఇవ్వండి, లేకపోతే పై వరుస ఒత్తు కింది వరుస గుడిని తాకుతుంది.

అఫాన్ ఒరోమో కుబే అనే లాటిన్ లిపిలో రాస్తారు, దాన్ని అమ్హారిక్ లిపిలో పెట్టొద్దు. అచ్చు రెండుసార్లు వస్తే దీర్ఘం. లఫ అంటే నేల, లాఫా అంటే మెత్తన. భూమి గురించి రాసిన నినాదంలో ఆటోకరెక్ట్ ఒక్క అక్షరం అటూ ఇటూ చేస్తే ఏమవుతుందో ఆలోచించండి. ఆటోకరెక్ట్ ఆపేసి, వాళ్లు పంపింది కాపీ పేస్ట్ చేయండి. హుధా అనే పై కామా (') గుర్తు ఉన్న మాట హ్యాష్‌ట్యాగ్‌లో అక్కడికే తెగిపోతుంది, ఆ గుర్తు లేని మాట చూసుకోండి.

కిటికీ: ఊరేగింపు ఫొటోలు వాడుతుంటే ముఖాలను బ్లర్ చేయడం చాలదు, నిండు రంగు ముద్ద కప్పి లేయర్లు కలిపేయండి. వాట్సాప్‌లో డాక్యుమెంట్‌గా పంపితే ఫొటో తీసిన చోటు వివరాలు ఫైల్‌లోనే ఉండిపోతాయి, ముందు తుడవండి. 2020 జూన్ 29న ఒరోమో గాయకుడు హచాలు హుందెస్సా హత్య తర్వాత ఇథియోపియాలో ఇంటర్నెట్ వారాలపాటు ఆపేశారు. అక్కడి నెట్‌ను నమ్ముకోలేం కాబట్టి, అక్కడివాళ్లకూ పంపాలంటే మూడు రంగుల పోస్టర్లకు రంగులు కుదించిన పీఎన్‌జీ ఒకటి విడిగా తీయండి. బరువు చాలా తగ్గుతుంది, నెమ్మది నెట్‌లో కూడా వెళ్తుంది.

గీతలబడి: చెట్టు మళ్లీ గీస్తున్నాం, ఎరుపు పట్టీకి మారుస్తున్నాం. కుబే వాక్యాలన్నీ విద్యార్థుల చేత సరిచూపించాకే ఎక్స్‌పోర్ట్ చేస్తాం.