నీవా ఒడ్డున మూతపడిన గ్రానైట్ యార్డులో ఇళ్లు కట్టొచ్చా?

నీవా ఒడ్డు:
చిత్తూరులో మా వీధి వెనక, నీవా నదిని ఆనుకుని ఒక గ్రానైట్ పాలిష్ యార్డు ఉంది. మూతపడి చాలా ఏళ్లయింది. పగిలిన సిమెంట్ రేకులు, సర్కారు తుమ్మ, మధ్యలో స్లర్రీ, అంటే రాయి కోసి పాలిష్ పట్టినప్పుడు వచ్చే రాతిపిండి బురద, ఎండి గట్టిపడిన తెల్లదిబ్బ. దాన్ని కొత్త పేటగా మార్చాలని ఇప్పుడు మాట నడుస్తోంది. కింద అంగళ్లు, పైన ఇళ్లు, ఏటి పక్కన నడిచే దారి, మిద్దెల మీద సోలార్. నాకూ ఇష్టమే. ఊరు మామిడి తోపుల్లోకి పాకే బదులు పాడుబడ్డ చోటునే వాడుకోవడం మంచిది. కానీ స్థలమంతా మట్టి తోలి రోడ్డు కంటే ఎత్తు చేస్తారట. అక్కడే నాకు టెన్షన్. 2021 నవంబరు వానలకు నీవా పొంగినప్పుడు మా ఇంట్లో మోకాలి పైకి నీళ్లు వచ్చాయి. గోడ మీద ఆ చార ఇప్పటికీ ఉంది. ఆ రాత్రి యార్డు పల్లంగా ఉండబట్టి కొంత నీరు అక్కడ నిలిచింది. దాన్ని పూడిస్తే ఆ నీళ్లు ఎవరింట్లోకి పోతాయి?

సివిల్ పని:
అక్కా, పల్లంలో కడితే ఎవరు కొంటారు? జర్మనీలోని హాంబర్గ్‌లో ఎల్బే నది పక్కన పాత రేవు స్థలం, సుమారు 157 హెక్టార్లు, హాఫెన్‌సిటీ అనే పేటగా మారింది. సముద్ర మట్టానికి 8 మీటర్లకు పైగా ఎత్తు చేసి కట్టారు. ఇళ్లు, ఆఫీసులు, బడులు అన్నీ అక్కడే. వాళ్లు చేసింది మనమెందుకు చేయకూడదు?

కట్టమంచి పెద్దాయన:
నాయనా, హాంబర్గ్‌కు వరద ముఖ్యంగా సముద్రం వైపు నుంచి వస్తుంది. తుపాను గాలికి సముద్రపు నీరు ఎల్బేలోకి ఎగదన్నుకొస్తుంది. అంత నీటి ముందు ఒక పేట ఎత్తు పెంచితే మట్టం మారదు. మన నీవా అలాంటిది కాదు. పొన్నైలో కలిసి పాలారుకు పోయే చిన్న ఏరు. ఏడాదిలో చాలా నెలలు ఎండి ఉంటుంది, వచ్చినప్పుడు ఒక్కసారిగా వస్తుంది. ఇరుకు దారిలో పోయే నీటికి ఒక గట్టున మట్టి అడ్డం వేస్తే ఎదుటి గట్టో, పై వీధో మునగాల్సిందే. సాగునీటి శాఖలో పనిచేసినవాడిగా చెబుతున్నా.

సంతపేట కుర్రోడు:
ఈ గొడవంతా ఎందుకు, మొత్తం పార్కు చేసేస్తే పోదా?

నీవా ఒడ్డు:
తమ్ముడూ, ఇళ్లూ మనుషులూ లేని పార్కులోకి చీకటి పడ్డాక ఆడపిల్లలు అడుగు పెట్టలేరు. పైన కాపురాలు, కింద టీ అంగడి ఉంటేనే ఆ దారికి కాపలా.

టీచరమ్మ:
నేను వేరే మాట అడుగుతాను. ఆ యార్డులో రాళ్లు కోసినవాళ్లు, పాలిష్ పట్టినవాళ్లు ఇప్పటికీ పక్క సందుల్లోనే అద్దెకు ఉన్నారు. పేట బాగుపడితే మొదట పెరిగేది వాళ్ల అద్దె. ముంబయిలో మూతపడిన మిల్లుల భూములకు 1991లో ఒక నిబంధన పెట్టారు. అభివృద్ధి చేసే స్థలంలో మూడోవంతు పార్కులు, మైదానాలకు, మూడోవంతు ప్రభుత్వ ఇళ్లకు, మిగతాది యజమానికి. 2001లో ఆ లెక్కను మిల్లు షెడ్లు లేని ఖాళీ స్థలానికే పరిమితం చేశారు. దాంతో ఊరికి రావాల్సిన వాటా బాగా తగ్గింది. 2006లో సుప్రీంకోర్టు కూడా ఆ మార్పును సమర్థించింది. ఒక్క వాక్యం మారితే అంత పోయింది. మన దగ్గర ఆ వాక్యం మొదటే గట్టిగా రాయించాలి.

సివిల్ పని:
టీచరమ్మగారి మాట ఒప్పుకుంటాను. పెద్దాయన చెప్పిందీ అర్థమైంది. మరి ఏటి వైపు కింద పిల్లర్లే ఉంచి, నీళ్లు పారేలా వదిలేద్దాం. అంగళ్లు రోడ్డు వైపే పెడదాం. కానీ మన రాష్ట్ర 2017 భవన నిబంధనల ప్రకారం పట్టణంలో నది హద్దు నుంచి 50 మీటర్లు వదలాలి. అంత వదిలితే పెట్టుబడి తిరిగొస్తుందా అన్నది నా అనుమానం.

నీవా ఒడ్డు:
ఆ 50 మీటర్లు బేరం పెట్టేవి కావు తమ్ముడూ. తెల్లదిబ్బ సంగతి కూడా వినండి. అది రాతిపిండి. ఎండితే గాలికి లేస్తుంది, అందులోని సిలికా ఊపిరితిత్తులకు చేటు. గట్టిపడితే వాన నీటిని కిందికి ఇంకనివ్వదు. దాని మీదే మట్టి పరిచి కట్టేస్తే ఆ పాపం కింద అలాగే ఉండిపోతుంది. పాత రేకుల్లో ఆస్బెస్టాస్ ఉంటుంది, వాటిని పగలగొట్టకుండా, తడిపి దించాలి. ముందు మట్టినీ చుట్టుపక్కల బోరు నీళ్లనూ పరీక్ష చేయించాలి. స్లర్రీని తవ్వి తీస్తే ఇసుకలో కొంత భాగానికి బదులుగా నడకదారికి పరిచే సిమెంటు పేవర్ రాళ్లలో కలపొచ్చు. దిబ్బ పోయిన మేర నేల ఇంకా దిగుతుంది, వరదకు అంత చోటు దొరుకుతుంది. మట్టి తోలే ఖర్చు దీనికి పెట్టమని అడుగుతున్నాను.

కట్టమంచి పెద్దాయన:
అమ్మా, 50 మీటర్లు అంటే ఏ గట్టు నుంచి? అసలు పేచీ అక్కడే వస్తుంది. హద్దును సాగునీటి, రెవెన్యూ శాఖలు ధ్రువీకరించాలి. ఇప్పుడు తుమ్మ పెరిగిన చోటే గట్టు అంటే ఏరు సగం పోయినట్టే.

నీవా ఒడ్డు:
అందుకే పెద్దాయనా, ఈ ఆదివారం ఉదయం ఏడింటికి టేపు, సున్నం తీసుకుని వస్తాను. రెండు గట్ల మీదా 2021 చారలు ఇంకా కనిపించే ప్రతి గోడనూ కొలుద్దాం. మీరు హద్దు రాళ్లు చూపించండి. సివిల్ తమ్ముడూ, నువ్వు కూడా రా, నేల ఎత్తుపల్లాలు కొలిచే లెవెల్ మిషన్ ఉంటే తీసుకురా.