భద్రమైన అభ్యంగనం: "మళ్లీ ఎందుకు?" అనే పిల్లలకు ఏం చెబుతున్నారు?

అందరికీ వందనాలు. విశాఖలో, ముఖ్యంగా జ్ఞానాపురం, గాజువాక వైపు కతోలిక విచారణల్లో (చర్చి పరిధుల్లో) పిల్లలను భద్రమైన అభ్యంగనానికి, అంటే జ్ఞానస్నానం తర్వాత నుదుట తైలం పూసి ఇచ్చే సంస్కారానికి, సిద్ధం చేసే ఉపదేశులు, సిస్టర్లు దయచేసి సలహా ఇవ్వండి.

"జ్ఞానస్నానంలోనే పవిత్రాత్మ వచ్చాడు కదా, మళ్లీ ఎందుకు?" అని ఎనిమిదో తరగతి పిల్లలు అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. అపోస్తలుల కార్యాలు 8:14-17 చదివిస్తే సగం తేలుతుంది: సమరియావాళ్లు అప్పటికే జ్ఞానస్నానం పొందారు, పేతురు, యోహాను వచ్చి చేతులుంచాక ఆత్మను పొందారు. కానీ వెంటనే, "అయితే మాకు జ్ఞానస్నానంలో ఆత్మ రాలేదా?" అంటారు. వచ్చాడు, ఆ కృపే ఇక్కడ బలపడుతుంది, సాక్ష్యమిచ్చే శక్తి అందుతుంది. ఈ మాట ఏ పోలికతో చెబితే వాళ్ల బుర్రకెక్కుతుంది? "చదువు అయిపోయాక ఇచ్చే సర్టిఫికెట్" లాంటి పోలిక మాత్రం వద్దు. ఆ తర్వాత పిల్లలు గుడికి రావడం మానేసేది ఆ ఆలోచనతోనే అనిపిస్తుంది.

రిహార్సల్‌లో మామూలు ఆలివ్ నూనె చుక్కతో నుదుట సిలువ గుర్తు వేసి చూపిస్తే బాగా పట్టుకుంటారు. అసలు సంస్కారంలో పూసే పవిత్రమైన క్రిస్మ తైలం మాత్రం అందుకు వాడకూడదు. నుదుటి మీది జుట్టు ముందే పిన్నుతో వెనక్కి పెట్టించాలి, లేదంటే బిషప్‌గారి బొటనవేలు జుట్టు మీదే జారుతుంది. కంగారులో "ఆమెన్" మరిచిపోయేవాళ్లూ ఎక్కువే.

ఇంకొకటి. శ్రీసభ (కతోలిక సంఘం) చట్టం 874, 893 నిబంధనల ప్రకారం కన్నవాళ్లు జ్ఞానతల్లిదండ్రులుగా (సంస్కారంలో బిడ్డకు తోడుగా నిలిచే పెద్దలుగా) నిలబడకూడదు. 16 ఏళ్లు నిండి, ఈ సంస్కారం పొందినవాళ్లే ఉండాలి. జ్ఞానస్నానం నాటివాళ్లే అయితే మరీ మంచిది. వాళ్లు గల్ఫ్‌లో ఉంటే ప్రతినిధిని నిలబెడుతున్నారా, కొత్తవాళ్లను ఎంచుకోమంటున్నారా?