280 అడుగులు దించినా బోరులో చుక్క లేదు, పక్కింట్లో 120కే నీళ్లు. ఎందుకు?

పర్లాకిమిడి దగ్గర మా పెరట్లో బోరు వేయించాం. కొబ్బరికాయ అరచేతిలో నిలబడిందని చెప్పినాయన మాట నమ్మి 280 అడుగులు దించితే తెల్లటి బూడిదలాంటి పిండి తప్ప ఇంకేం రాలేదు. ఇంకా దించమంటారా, వదిలేయమంటారా?

↳ రాయగడ అన్న
దించకు తమ్ముడూ, ముందు ఆగు. మన తూర్పు కనుమల్లో ఎక్కువ ఖొండలైట్, చార్నొకైట్ రాళ్లే. గట్టి రాయిలో నీరు ఉండదు, పైన మెత్తబడిన పొరలోనో, కింద పగుళ్లలోనో ఉంటుంది. పక్కింటి వాళ్లకి పగులు తగిలింది, నీకు తగల్లేదు, అంతే. భూమిలోకి కరెంటు పంపి కొలిచే రెసిస్టివిటీ సర్వే చేయించు. కాకపోతే బంకమట్టి కూడా అందులో నీళ్లలాగే కనిపిస్తుంది కాబట్టి అనుభవం ఉన్నవాళ్లనే పిలువు.

↳ కొరాపుట్ మాస్టారు
ఖొండలైట్ అన్న పేరు ఇక్కడి ఖోండు గిరిజనుల మీద పెట్టిందే. ఇదే రాయి లక్షల ఏళ్ల వానకి నాని, సిలికా కొట్టుకుపోయి, అల్యూమినియం మిగిలితే బాక్సైట్, అంటే అల్యూమినియం తీసే ఖనిజం. మా పంచపట్మలి కొండ అలాంటిదే, 1981లో పుట్టిన ప్రభుత్వ అల్యూమినియం కంపెనీ నాల్కో అక్కడే తవ్వుతోంది.

↳ బరంపురం పిల్ల
మరి మా దగ్గర తప్తపాణి ఊటలో వేడినీళ్లేంటి, కింద అగ్నిపర్వతమా?

↳ కొరాపుట్ మాస్టారు
కాదమ్మా. వాన నీరు పగుళ్లలోంచి బాగా లోతుకి దిగి, అక్కడి వేడికి కాగి మళ్లీ పైకి వస్తుంది.

↳ అడిగినవాణ్ణి
పగులు తగిలితే వేడినీళ్లొచ్చినా పర్లేదండీ, గీజర్ ఖర్చు తప్పుతుంది. సర్వేకి చెప్పాను.