ఘాట్ దిగేటప్పుడు న్యూట్రల్: పెట్రోల్ మిగులుతుందా, లేదా?

హ్యాచ్‌బ్యాక్_తిరుపతి
వచ్చే వారం కుటుంబంతో తిరుమల వెళ్తున్నాం. మాది పెట్రోల్ హ్యాచ్‌బ్యాక్, మాన్యువల్ గేర్లు. మా మామయ్య చాలా ఏళ్లుగా కార్లు నడుపుతున్న మనిషి. "కొండ దిగేటప్పుడు న్యూట్రల్ కొట్టెయ్, బండి దానంతటదే దిగుతుంది, చుక్క పెట్రోల్ ఖర్చు కాదు" అంటారు. ఆఫీసులో మిత్రుడేమో అలా చేస్తే ప్రమాదమే కాదు, పెట్రోల్ కూడా ఎక్కువ తాగుతుందని వాదిస్తున్నాడు. ప్రమాదం సంగతి అర్థమైంది. కానీ గేరులో ఇంజిన్ 3000 ఆర్‌పీఎం తిరుగుతుంటే పెట్రోల్ తక్కువెలా అవుతుంది? తెలిసినవాళ్లు కాస్త వివరంగా చెప్పండి.

పద్మిని_అభిమాని
మీ మామయ్య గారు చెప్పింది తప్పు కాదండి. అంబాసిడర్లు, పద్మినీలు, మొదటి మారుతి 800లు నడిపినవాళ్లందరికీ ఇది అనుభవంలో ఉన్న విషయం. కార్బురేటర్ (గాలిలో పెట్రోల్ కలిపే పాతకాలపు పరికరం) ఉన్న బండిలో యాక్సిలరేటర్ వదిలేసినా ఇంజిన్ తిరిగినంతసేపూ పెట్రోల్ పీలుస్తూనే ఉంటుంది. గేరులో వేగంగా తిరిగితే ఎక్కువ పీలుస్తుంది, న్యూట్రల్‌లో నెమ్మదిగా తిరిగితే తక్కువ. బ్రేకులు మంచి కండిషన్‌లో ఉంటే భయపడాల్సింది ఏముంది? నెమ్మదిగా దిగితే సరి.

షెడ్డు_మనిషి
పద్మిని గారూ, కార్బురేటర్ గురించి మీరన్నది అక్షరాలా నిజం. ఆ సలహా ఆ బండ్లకు పుట్టింది. 2000 ప్రాంతంలో పొగ నిబంధనలు బిగిశాక పెట్రోల్ కార్లన్నీ ఇంజెక్షన్‌కి, అంటే కంప్యూటర్ చెప్పినంత పెట్రోల్‌ని ఇంజెక్టర్లు చిమ్మే పద్ధతికి, వచ్చేశాయి. తమ్ముడు తీసుకెళ్లే కారు కూడా అదే. అందులో జరిగేది వేరు.

మీరు గేరులో ఉండి, యాక్సిలరేటర్ మీద నుంచి కాలు పూర్తిగా తీసేశారనుకోండి. ఇంజిన్ మామూలు ఐడ్లింగ్ (బండి ఆగి ఉన్నప్పుడు ఇంజిన్ తిరిగే నెమ్మది వేగం) కంటే బాగా ఎక్కువ తిరుగుతోందని ఈసీయూ, అంటే ఇంజిన్‌ని నడిపించే కంప్యూటర్, చూస్తుంది. ఇక పెట్రోల్ అక్కర్లేదని ఇంజెక్టర్లను మూసేస్తుంది. అప్పుడు ఇంజిన్‌ని తిప్పేది పెట్రోల్ కాదు, వాలులో దొర్లుతున్న చక్రాలే గేర్ల ద్వారా తిప్పుతాయి. 3000 తిరుగుతున్నా ఖర్చు సున్నా. ఆర్‌పీఎం ఐడ్లింగ్‌కి దగ్గరగా పడిపోతే ఇంజిన్ ఆగిపోకుండా మళ్లీ ఇంజెక్షన్ మొదలవుతుంది. మీ డ్యాష్‌బోర్డులో అప్పటికప్పటి మైలేజీ చూపించే స్క్రీన్ ఉంటే గమనించండి, కాలు తీయగానే అంకె ఒక్కసారిగా చివరి దాకా ఎగబాకుతుంది.

న్యూట్రల్‌లో చక్రాలకీ ఇంజిన్‌కీ సంబంధం తెగిపోతుంది. ఇంజిన్ ఆగకూడదు కాబట్టి ఐడ్లింగ్‌కి పెట్రోల్ పోస్తూనే ఉండాలి. చిన్న పెట్రోల్ ఇంజిన్, ఏసీ వేసుకుంటే, గంటకి ముప్పావు లీటరు నుంచి లీటరు దాకా తాగుతుంది. తిరుమల నుంచి దిగడానికి కనీసం 40 నిమిషాలు తీసుకోవాలని టీటీడీ నియమం. ఆ 40 నిమిషాలూ న్యూట్రల్‌లో ఉంటే పోయేది దాదాపు అర లీటరు. గేరులో అయితే మలుపుల దగ్గర క్లచ్ నొక్కినప్పుడు పోయేది కొంచెమే. మిగుల్చుకుందామనుకున్న పెట్రోల్‌నే వదులుకుంటున్నారు.

డబ్బు సంగతి అలా ఉంచండి, నాకు అసలు బాధ బ్రేకులతోనే. తిరుపతికీ కొండపైకీ మధ్య ఎత్తు తేడా సుమారు 700 మీటర్లు. మనుషులు, సామాన్లతో 1400 కిలోల కారు అంత ఎత్తు నుంచి దిగుతుంటే ఆ శక్తి ఎక్కడికో పోవాలి కదా. టైర్ల రాపిడికీ గాలికీ కొంత పోయిందనుకున్నా, మిగిలింది ఇరవై లీటర్ల నీళ్లను మరిగించేంత వేడి. న్యూట్రల్‌లో అదంతా డిస్కులు, డ్రమ్ముల మీదే పడుతుంది. గేరులో ఉంటే పెద్ద వాటా ఇంజిన్ తీసుకుంటుంది.

వేడెక్కిన బ్రేకులు రెండు రకాలుగా దెబ్బతీస్తాయి. ఒకటి, ప్యాడ్‌కి పట్టు తగ్గుతుంది. పెడల్ గట్టిగానే ఉంటుంది కానీ బండి ఆగదు. రెండోది మరీ ఘోరం. బ్రేక్ ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. కొత్త డాట్ 3 ఆయిల్ 205 డిగ్రీలకు గానీ మరగదు, తేమ పట్టాక అది 140కి పడిపోవచ్చు. డాట్ 4 అయితే 230 నుంచి 155కి. మరిగితే పైపులో ఆవిరి బుడగలు చేరతాయి, పెడల్ మెత్తగా లోపలికి పోతుంది. ఘాట్ మధ్యలో ఇది జరిగితే ఎంత నొక్కినా లాభం లేదు. అప్పటికే బండి 60 మీద ఉంటే న్యూట్రల్ నుంచి రెండో గేరు వేయడమూ అంత తేలిక కాదు.

కొండ దిగొచ్చిన బండ్ల ప్యాడ్లు విప్పితే నాకు కనిపించేది చెప్తాను. ముఖం గాజు పూసినట్టు నున్నగా మెరుస్తుంది, వేలితో రాస్తే గరుకుదనం ఉండదు. డిస్కు మీద నీలం మచ్చలు. పెడల్ తొక్కితే ఇంకా ఏదో ఆగుతోంది కాబట్టి ఓనరుకి అనుమానం రాదు. మీ మామయ్య గారికి ఇది మర్యాదగానే చెప్పండి తమ్ముడూ, ఆయన అనుభవాన్ని తక్కువ చేయక్కర్లేదు.

ఎన్‌హెచ్65_బండి
ఘాట్ వరకు ఒప్పుకుంటాను అన్నా. కానీ హైదరాబాద్–విజయవాడ రోడ్డు లాంటి చోట చిన్న చిన్న వాలులుంటాయి. అక్కడ గేరులో కాలు తీస్తే ఇంజిన్ పట్టేస్తుంది, బండి తొందరగా వేగం కోల్పోతుంది, మళ్లీ యాక్సిలరేటర్ తొక్కాలి. న్యూట్రల్‌లో అయితే అర కిలోమీటరు దొర్లుతుంది. ట్యాంకు ఫుల్ చేసి లెక్క చూసుకున్నాను, నాకు మైలేజీ పెరిగింది. విదేశాల్లో స్కోడా, ఫోక్స్‌వ్యాగన్ ఆటోమేటిక్ కార్లు ఈకో మోడ్‌లో ఇదే పని వాటంతటవే చేస్తాయి కదా?

షెడ్డు_మనిషి
మీ లెక్క సరైనదే. వేగం తగ్గించాల్సిన పని లేనంత పల్చటి వాలులో ఇంజిన్ పట్టు నష్టమే, దొర్లనివ్వడంలో ఆదా ఉంది. బ్రేకు తొక్కాల్సి వచ్చే ప్రతి వాలులోనూ గేరే లాభం. తేడా అంతే.

అయినా హైవే మీద చేత్తో న్యూట్రల్ కొట్టడం నాకు ఇష్టం లేదు. మీరు చెప్పిన కార్లలో కంప్యూటర్ రెప్పపాటులో గేరు కలుపుతుంది. మనకేమో పక్క ఊరి రోడ్డు నుంచి ట్రాక్టరు అడ్డం వస్తే ముందు క్లచ్, తర్వాత గేరు, అప్పుడు వేగం. టాప్ గేరులోనే ఉండి యాక్సిలరేటర్ మీద కాలు తేలిగ్గా ఆనించి దిగండి. ఆదాలో చాలావరకు దక్కుతుంది, బండీ మీ చేతిలో ఉంటుంది. ఇంకొందరు న్యూట్రల్‌తో పాటు తాళం కూడా తిప్పేస్తారు. దయచేసి ఎవరూ చేయకండి. ఇంజిన్ ఆగితే బ్రేక్ బూస్టర్‌లో (మన తొక్కుడుకి బలం కలిపే భాగం) మిగిలిన వ్యాక్యూమ్ రెండు మూడు తొక్కులకే అయిపోతుంది, స్టీరింగ్ బిగుసుకుంటుంది.

పద్మిని_అభిమాని
పెట్రోల్ లెక్క ఒప్పుకున్నాను. కానీ గేరులో దింపితే ఇంజిన్ అరుస్తుంది, క్లచ్ అరుగుతుంది. బ్రేక్ ప్యాడ్లు చవక, క్లచ్ ఖరీదు. ఆ సంగతి ఎవరూ మాట్లాడరేం?

షెడ్డు_మనిషి
న్యాయమైన ప్రశ్న. క్లచ్ అరిగేది జారేటప్పుడు. ఒకసారి పూర్తిగా వదిలాక అది జారదు, ఘాట్ అంతా గేరులో ఉన్నా అరుగుదల ఉండదు. అరిగేది గేరు మార్చే క్షణంలో. అందుకే వాలు మొదలవక ముందే వేగం తగ్గించి గేరు వేసుకోవాలి, బండి పరుగందుకున్నాక నాలుగు నుంచి రెండుకి లాగకూడదు. ఏ గేరులో ఎక్కే వాలైతే ఆ గేరులోనే దిగమని డ్రైవర్లు చెప్పే మాట ఇప్పటికీ పనికొస్తుంది. శబ్దానికి భయపడకండి, టాకోమీటరులో ఎర్ర గీతకి చాలా దూరంలోనే ఉంటారు. శ్రీశైలం వెళ్లేటప్పుడు ఈగలపెంట దాటి డ్యామ్ వైపు దిగే మలుపుల్లో రెండో గేరు వేసి చూడండి, బ్రేకు మీద కాలు పెట్టే అవసరం ఎంత తగ్గుతుందో మీకే తెలుస్తుంది.

బ్రేకు తొక్కాల్సి వచ్చినా అదేపనిగా ఆనించి ఉంచొద్దు. గట్టిగా తొక్కి వేగం తగ్గించి, పూర్తిగా వదిలేయండి. ఆ విరామంలోనే డిస్కు చల్లబడుతుంది.

హ్యాచ్‌బ్యాక్_తిరుపతి
చాలా థాంక్స్ అన్నా. ఒకవేళ దారిలో మాడు వాసన వస్తే? అలాగే మా అక్కది ఏఎంటీ (క్లచ్ పెడల్ లేకుండా గేర్లు దానంతటదే మార్చుకునే కారు), మా బావగారి అన్నయ్యది ఎలక్ట్రిక్ కారు. మూడు బండ్లూ కలిసే వస్తున్నాయి.

షెడ్డు_మనిషి
వాసన వస్తే వెడల్పు చోటు చూసి పక్కకి ఆపండి. చక్రాల మీద నీళ్లు పోయొద్దు, కాగిన డిస్కు వంకరపోవచ్చు, పగలొచ్చు. హ్యాండ్‌బ్రేక్ లాగకుండా గేరులో ఉంచి, చక్రం కింద రాయి పెట్టండి. అరగంట ఆగండి. బయల్దేరేటప్పుడు ఆ రాయి తీసి రోడ్డు పక్కన పడేయండి, వెనక వచ్చే బైకువాళ్లకి ప్రమాదం. వెళ్లకముందే బ్రేక్ ఆయిల్ ఎప్పుడు మార్చారో చూసుకోండి, రెండేళ్లు దాటితే మార్పించండి.

అక్క గారి ఏఎంటీలో లీవరు మాన్యువల్ వైపు జరిపి, మైనస్‌తో రెండుకి దించుకోమనండి. డీలో (ఆటోమేటిక్ డ్రైవ్‌లో) వదిలేస్తే అది పై గేర్లకి ఎక్కేస్తుంటుంది.

ఎలక్ట్రిక్ కారులో రీజెన్ (వేగం తగ్గేటప్పుడు మోటారే కరెంటు పుట్టించి బ్యాటరీకి పంపే పద్ధతి) ఎక్కువ స్థాయిలో పెట్టుకుంటే అదే బండిని పట్టి ఉంచుతుంది, బ్యాటరీ కూడా కొంత నిండుతుంది. ఒక్క జాగ్రత్త: బ్యాటరీ నూటికి నూరు నిండి ఉంటే రీజెన్ సరిగా పని చేయదు, ఆ కరెంటు పెట్టడానికి చోటు ఉండదు కాబట్టి. అప్పుడు భారమంతా మళ్లీ బ్రేకుల మీదే పడుతుంది. కొండ మీద ఛార్జింగ్ పెడితే 80 దగ్గర ఆపేయమనండి.