గుడారాల నడుమ యేసు: 2012 ‘సూపర్‌స్టార్’ మీకు నచ్చిందా?

ప్రశ్న:
యేసు చివరి రోజుల గురించిన రాక్ సంగీత నాటకం ‘జీసస్ క్రైస్ట్ సూపర్‌స్టార్’ను 1973లో నార్మన్ జ్యూయిసన్ ఇజ్రాయెల్ ఎడారిలో సినిమాగా తీశాడు; అది చూస్తూ పెరిగినవాణ్ణి. యేసును పట్టించిన శిష్యుడు యూదా అంటే నాకు ఆ సినిమాలోని కార్ల్ ఆండర్సన్ గొంతే. నిన్న రాత్రి అదే నాటకాన్ని 2012లో బ్రిటన్‌లోని అరీనాల్లో (భారీ ప్రదర్శనశాలల్లో) ఆడినప్పటి చిత్రీకరణ చూశాను. వేదిక నిండా మెట్లు, వెనక భారీ తెర, గుడారాలు వేసుకున్న నిరసనకారులు, యూదాగా టిమ్ మిన్‌చిన్. మొదట కోపం వచ్చింది. పట్టుబడే ముందు యేసు తోటలో ప్రార్థించే గెత్సేమనే పాట దగ్గర కళ్ళనీళ్ళు ఆగలేదు. కానీ యేసును ఎగతాళి చేసే రాజు హేరోదును టీవీ వ్యాఖ్యాతగా మార్చడం సబబేనా?

జవాబు 1:
సబబే. యేసు నిజమా మోసమా అని ప్రేక్షకుల చేత ఓటు వేయించడం హేరోదు పాటలోని వెటకారానికి సరిగ్గా సరిపోయింది. పైగా 1973 చిత్రంలో యూదాను తరిమేవి యుద్ధ ట్యాంకులు కావూ! 1970లో ఆల్బమ్‌గా వచ్చిన నాటినుంచే ఇది వర్తమానంతో మాట్లాడే రచన.

జవాబు 2:
నేను చర్చి గాయకబృందంలో పాడతాను. నాకు 2018 ఈస్టర్ రోజున బ్రూక్లిన్ నుంచి ప్రత్యక్ష ప్రసారమైనదే ఇష్టం. చివర్లో వెనక గోడ శిలువ ఆకారంలో తెరుచుకుంటుంది, యేసుగా నటించిన జాన్ లెజెండ్ ఆ వెలుగులోకి వెనక్కి వెళ్ళిపోతాడు. పునరుత్థానం చూపని ఈ కథకు అంతకన్నా మంచి ముగింపు నేను చూడలేదు.

ప్రశ్న అడిగినవారు:
ట్యాంకుల సంగతి నేనే మరిచిపోయాను, ఒప్పుకుంటున్నాను. 2018 ప్రదర్శన ఈ ఆదివారం మా అమ్మతో కలిసి చూస్తాను.